కర్చీఫ్ వేసిన సీటు

ఒక వస్తువును మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉంటే మనిషికి దాని మీద ఇష్టం పుడుతుందట. సైకాలజీలో దీన్ని పరిచయ ప్రభావం అంటారు. ఈ ముక్క నాకు సికింద్రాబాద్‌లో ఒక హోటల్ పై అంతస్తులో, ఏసీ చలికి వణుకుతూ కూర్చున్న క్లాసులో తెలిసింది. నేను రిటైరై చాలా ఏళ్ళయింది. సేల్స్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, కస్టమర్ మనసు ఎలా పట్టుకోవాలి సార్ అని అడుగుతుంటారు. వాళ్ళకు నేను పాఠం చెప్పను, ఒక బస్సు కథ చెబుతాను. సగం మంది మధ్యలోనే ఫోను తీస్తారు. మీరైనా చివరిదాకా ఉంటారని ఆశ.

తొంభైల చివరి కాలం అది. మేడ్చల్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. తీగలు పీకేసి, పందిళ్ళు కూల్చి, భూమిని ముక్కలు చేసి అమ్మడం మొదలైంది. నేను పనిచేసిన వెంచరు రావల్కోల్ దారిలో ఉండేది. ఆ తోట సొంతదారైన పటేలే మా యజమాని. పందిళ్ళకు నిలబెట్టిన రాతి కడీలనే ఊడపీకించి ప్లాట్లకు హద్దురాళ్ళుగా పాతించాడు. కొన్ని రాళ్ళకు పాత తీగల తంతి ముక్కలు ఇంకా వేలాడుతుండేవి. కొత్తవాళ్ళు అవేమిటని అడిగితే పటేలు మొహం అటు తిప్పుకునేవాడు. జవాబు నేనే చెప్పాల్సి వచ్చేది.

నా పని ఆదివారాలది. బోయిన్‌పల్లి నుంచి మా ఉచిత బస్సు బయలుదేరేది. పేట్ బషీరాబాద్‌లో, కొంపల్లిలో, మేడ్చల్‌లో జనాన్ని ఎక్కించుకుని, ప్లాట్లు చూపించి, మధ్యాహ్నం బగారన్నం, కోడికూర పెట్టి, సాయంత్రం మళ్ళీ ఎక్కడివాళ్ళను అక్కడ దింపాలి. బస్సు పాతది. వెనక సీటు పక్క కిటికీ బిగుసుకుపోయి తెరుచుకునేది కాదు. అక్కడ కూర్చున్నవాళ్ళు మేడ్చల్ చేరేలోపే చెమటతో ముద్దయ్యేవారు. బాగు చేయించవయ్యా అంటే, "బస్సు నడుస్తాంది గద సార్" అనేవాడు డ్రైవర్. అతనికి దేనికైనా అదే జవాబు.

పటేలు నన్ను ఆ క్లాసుకు పంపింది అమ్మకాలు పెరుగుతాయనే. నేను అక్కడ నేర్చుకున్న మాటల్ని సంచిలో వేసుకొచ్చినట్టు తెచ్చి, కనబడినవాళ్ళందరి మీదా ప్రయోగించాను. ఇదొక్కటే మిగిలిందని చెబితే మనిషికి తొందర పుడుతుంది, అది కొరత భావన. నిండిన బస్సును చూస్తే ధైర్యం వస్తుంది, అది నలుగురి బాట. మనసు ముందు కోరుకుంటుంది, బుద్ధి తర్వాత కారణం వెతికి పెడుతుంది, అది సమర్థన. ఒకరోజు మా ఆవిడ కూరగాయలు తెమ్మంటే, అవసరానికీ కోరికకూ తేడా ఏమిటో వివరించాను. ఆమె అంతా ఓపిగ్గా విని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట పచ్చడి మెతుకులు తిన్నాను.

వీటిలో నాకు బాగా నచ్చింది సొంతమన్న భావన. మన చెయ్యి పడిన వస్తువు మనదే అనిపిస్తుందట, ఇంకా కొనకముందే. దాని మీద నేనొక ఉపాయం కనిపెట్టాను. సైటుకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక వేపమొక్క ఇచ్చి, మీకు నచ్చిన ప్లాట్‌లో మీ చేత్తో నాటండి అనేవాణ్ణి. నాటినవాళ్ళు తర్వాతి వారం నా మొక్క ఎలా ఉందో అంటూ వచ్చేవారు. నా మొక్క అన్న నోటితో నా ప్లాట్ అనడానికి ఎంతో సమయం పట్టదు. ఆ మొక్కలతో చాలా ప్లాట్లు అమ్మాను. పటేలు నా భుజం తట్టి, "గీ ఆకులకు గింత తాకత్ ఉన్నదని నాకు తెల్వదయ్యా" అన్నాడు.

ఇప్పుడు ఆ ఇద్దరి సంగతి.

ఆయన బోయిన్‌పల్లిలోనే ఎక్కేవాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు, ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. మొదటి రోజే నాతో దాపరికం లేకుండా చెప్పాడు. "నేను కొనేటోణ్ణి గాదు సార్. ఇంట్ల కూసుంటే కాళ్ళు గుంజుతున్నయ్. బస్సు కదుల్తుంటెనే నాకు పానం మంచిగుంటది. అన్నం పెట్టకున్నా ఏం లేదు, జర ఎక్కించుకోండ్రి." ఆ రోజు సీట్లు ఖాళీగా ఉన్నాయి. నిండుగా కనబడితే మంచిదేలే అని ఎక్కించుకున్నాను.

ఆమె కూడా అదే రోజు పేట్ బషీరాబాద్‌లో ఎక్కింది. పెళ్ళైన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి. తల్లిదండ్రులు కూడా ముందే పోవడంతో, కూలికి వెళ్ళి తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ తమ్ముడు ఇప్పుడు బర్రెలు పెట్టుకుని పాల వ్యాపారం చేస్తున్నాడు. మా పాంప్లెట్ ఆ ఇంటికి చేరితే, మరదలు ఈమెను పంపిందట. "మాకు పాలు పిండుడే సరిపోతాంది వదినె, నువ్వన్నా పోయి చూసి రాపో" అందట. అప్పటికి బస్సు ముందు వైపు ఒక్క సీటే ఖాళీగా ఉంది. అది ఆయన పక్కది.

సైటుకు చేరాక ఇంకో చిత్రం జరిగింది. అందరికీ పంచగా ఒక్క మొక్కే మిగిలింది, మనుషులు ఇద్దరు మిగిలారు. ఇద్దరూ కలిసి నాటండి అన్నాను. తూర్పు మూల ప్లాట్‌లో ఆయన గుంత తవ్వాడు, ఆమె మొక్క పట్టుకుంది.

"జర తిన్నగ పట్టమ్మా, లేకుంటే వంకర పెరుగుతది" అన్నాడాయన.

"వంకర పెరిగితే నీడ రాదా ఏంది?" అంది ఆమె.

ఆయన తల ఎత్తి చూసి నవ్వాడు. నేను పక్కనే ఉండి కూడా దాన్ని పట్టించుకోలేదు, ఎవరు అడ్వాన్స్ ఇస్తారా అని చూస్తున్నాను.

మరుసటి ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఆ తర్వాతి ఆదివారం కూడా. నేను సంబరపడ్డాను, మొక్క పనిచేస్తోందని. బస్సు దిగగానే ఇద్దరూ నేరుగా తూర్పు మూలకే వెళ్ళేవారు. ఆమె మట్టితో పాదు కట్టేది, ఆయన బోరు దగ్గరి నుంచి డబ్బాతో నీళ్ళు మోసేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ సీసా తీసి, "సల్ల తెచ్చిన, తాగుండ్రి" అనేది. ఆయన గడగడా తాగేసి, సీసాను బోరు దగ్గర కడిగి తెచ్చి ఇచ్చేవాడు.

కొన్ని వారాలకు ఆయన బోయిన్‌పల్లిలో ఎక్కగానే పక్క సీటు మీద కర్చీఫ్ పరచడం మొదలుపెట్టాడు. పేట్ బషీరాబాద్ వచ్చేదాకా ఎవరు అడిగినా, "మనిషున్నరు" అనేవాడు. డ్రైవర్ ఊరుకునే రకం కాదు.

"ఏం సార్, సర్వీసుల ఉన్నప్పుడు సీట్ల మీద కర్చీఫులు ఏస్తే తీసి అవతల పడేసేటోళ్ళంట గద?"

"పడేసిన" అన్నాడాయన. "గప్పుడు నాకు తెల్వదు."

డ్రైవర్ గేరు మార్చి ముందుకు చూస్తూ నడిపాడు.

నెలలు గడిచాయి. వెంచరంతా అమ్ముడైపోయింది, ఒక్క తూర్పు మూల ప్లాట్ తప్ప. అది మంచి ప్లాట్. రెండు పక్కలా రోడ్డు, తూర్పు ముఖం, వంక పెట్టడానికి ఏమీ లేదు. చూసినవాళ్ళందరికీ నచ్చేది. సైటులో నిలబడి ఇల్లు ఎటు కట్టాలో, తులసికోట ఎక్కడ పెట్టాలో కూడా మాట్లాడుకునేవారు. తిరుగు బస్సులో ఎక్కాక మాత్రం ఏమయ్యేదో, మొగుడూపెళ్ళాలు గుసగుసలాడుకునేవారు. దిగేటప్పుడు, "ఇంట్ల అడిగి చెప్తం సార్" అని వెళ్ళిపోయేవారు. మళ్ళీ కనబడేవారు కాదు.

దీనికి కూడా నా దగ్గర పేరు ఉంది. నిర్ణయం తీసుకున్నాక మనసులో లేచే సందేహం. క్లాసులో దానికి మందు కూడా చెప్పారు, కస్టమర్‌ను ఒంటరిగా వదలకుండా పలకరిస్తూ ఉండాలని. నేను క్యాలెండర్లు ఇచ్చాను, మిఠాయి డబ్బాలు పంపాను, ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఫోన్లు చేశాను. ఒక్కటీ పారలేదు. ఆ పాదు కడుతున్న ఇద్దరినీ కదిపి చూద్దామనుకుంటే, వాళ్ళు ప్రతిసారీ, "చూస్తున్నం" అనేవారు. వీళ్ళు ఆలోచన దశలో ఉన్నారని పటేలుకు చెప్పాను.

"గా ఆలోచన ఎప్పుడు ఒడుస్తదయ్యా?" అన్నాడు పటేలు. "ఊకె డీజిల్ కాలుతాంది. గా ఒక్క ముక్క అమ్మితే ఇక్కడ దుకాణం బంద్ జేసి శామీర్‌పేట దిక్కు పోదాం. ఆడ కొత్త వెంచర్ తయారున్నది. వచ్చే నెల నుంచి మాత్రం ఈ రూట్ల బస్సు లేదు, చెప్తున్న."

ఆ మాట అన్నప్పుడు డ్రైవర్ అక్కడే ఉన్నాడు. సాయంత్రం అందరినీ దింపి మేడ్చల్‌కు తిరిగి వచ్చాక, బస్ డిపో ఎదురుగా చాయ్ తాగుతున్నాం. అతను సాసర్‌లోకి చాయ్ వంపుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"సార్, గా ప్లాట్ అమ్ముడు పోదు."

"ఎందుకు పోదు?"

"పెద్దమ్మ పోనియ్యది."

నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ అంటే పేట్ బషీరాబాద్‌లో ఎక్కే ఆవిడేనని అతను నిదానంగా చెప్పాడు. తిరుగు బస్సులో కొనబోయే ఇంటి ఆడవాళ్ళు ఆమె ముందు సీటులోనో వెనక సీటులోనో కూర్చుంటారట. ఆమె ప్లాట్ గురించి ఒక్క చెడ్డమాట అనదట. పిల్లల సంగతులు అడుగుతుందట, వంటల సంగతులు అడుగుతుందట. ఆ తర్వాత మెల్లగా, "మీ అత్తమ్మకు చూపెట్టినవా బిడ్డా?" అంటుందట. లేకపోతే, "మీ బావగారిని అడిగిన్రా?" అంటుందట. అంతే. ఆ పిల్ల మొగుడి మొహం చూస్తుంది, మొగుడు కిటికీలోంచి బయటకు చూస్తాడు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?"

"షురూ నుంచి. అద్దంల అంతా కనవడ్తది సార్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"బస్సు నడుస్తాంది గద సార్" అన్నాడు.

కోపం వచ్చిందని చెప్పాలి. క్యాలెండర్లు గుర్తొచ్చాయి, మిఠాయి డబ్బాలు గుర్తొచ్చాయి. నా సైకాలజీ అంతా ఒక్క ప్రశ్నతో కొట్టేసిందే అని కొంచెం నవ్వు కూడా వచ్చింది. ఇల్లు కొనే మనిషి ఒంటరిగా కొనడు, అత్తతో, బావతో, తమ్ముడితో కలిసి కొంటాడు. ఇది నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాతి ఆదివారం మిగతావాళ్ళంతా భోజనాల దగ్గర ఉండగా తూర్పు మూలకు వెళ్ళాను. వేపచెట్టు అప్పటికి నా నడుము దాటింది. ఆమె పాదు దగ్గర కూర్చుని ఉంది. ఆయన కొంచెం దూరంలో గడ్డి పీకుతున్నాడు. నేను సూటిగానే అడిగాను.

ఆమె దబాయించలేదు. "అబద్దం ఒక్కటి చెప్పలే కొడుకా. ఇంట్ల అడిగినవా అని అడిగిన. అంతే."

"ఎందుకమ్మా? ఈ ప్లాట్ మీరు కొంటారా అంటే కొనరు. ఇంకొకరిని కొననివ్వరు."

"ఇది అమ్ముడు పోతే బస్సు ఆగుతదంట గద."

"ఆగితే?"

ఆమె కొంగుతో చేతి మట్టి తుడుచుకుంది. "ఆరు దినాలు నేను అక్కను, వదినెను, మేనత్తను. బర్లకు గడ్డేసేదాన్ని. నాకేం తక్వ చేయలే ఎవలు, మా తమ్ముడు మంచోడు. గాని నువ్వేమనుకుంటున్నవు, నీకేం ఇష్టం అని నన్ను అడిగిన మనిషి గీయనొక్కడే. గది కూడ ఆదివారం నాడే. గా ఆదివారం పోతే నాకేమున్నది కొడుకా?"

ఆయన చేతిలో గడ్డితోనే లేచి వచ్చాడు. "ఆమెనేమనకుండ్రి సార్. బస్సు ఆగుతదని నేనే రంది పెట్టుకున్న, ఆమెతోటి చెప్పిన. పటేలుకు చెప్పాలంటే నా ముచ్చట చెప్పుండ్రి."

నేనూ పాదు పక్కన కూర్చున్నాను. అయినా అడగక తప్పలేదు. "బస్సు లేకపోతే మీరు కలవలేరా? బోయిన్‌పల్లికీ పేట్ బషీరాబాద్‌కూ ఎంత దూరం?"

"దూరం కాదు" అంది ఆమె. "ఏమని చెప్పి ఇల్లు దాటాలె? ప్లాట్ చూడనీకి పోతున్న అంటే మా మరదలు సల్ల సీసా నింపి ఇస్తది. గీయనను చూడనీకి పోతున్న అంటే ఏమంటది?"

మనసు ముందు కోరుకుంటుంది, కారణం తర్వాత వెతుక్కుంటుంది అని నేనే అందరికీ చెబుతూ తిరిగాను. ఈ ఇద్దరికీ కావలసింది ఉంది, చెప్పుకోవడానికి కారణమే మా ప్లాట్. జనాన్ని మళ్ళీ మళ్ళీ తీసుకొచ్చి భూమి మీద ఇష్టం పుట్టించాలని నేను బస్సు నడిపాను. ఇష్టం పుట్టింది గాని, భూమి మీద కాదు. నా ఉద్యోగంలో అంతవరకూ జరిగిన మంచి పని అదొక్కటేనేమో అనిపించింది, అదీ నాకు తెలియకుండా జరిగింది.

కారణాలు ఇవ్వడమే కదా నా వృత్తి. శామీర్‌పేట దగ్గర కొత్త వెంచరు వస్తోందని, దానికీ ఆదివారం బస్సు ఉంటుందని చెప్పాను. కంపెనీ మనిషిగా రండమ్మా, ఆడవాళ్ళతో మాట్లాడండి, ఆయన మొక్కలు చూసుకుంటారు, పటేలును నేను ఒప్పిస్తాను అన్నాను.

ఆమె నవ్వింది. "నేనా? అమ్ముడు చెడగొట్టినదాన్ని."

"మీ అత్తమ్మకు చూపించారా అని అడిగి ఆపేశారు. ఈసారి అదే అడిగి, అత్తమ్మను కూడా బస్సెక్కించండి."

ఆమె ఆయన వైపు చూసింది. ఆయన నేల వైపు చూశాడు. "మా తమ్మునికి చెప్పాలె" అంది ఆమె చివరకు. "పని ముచ్చట వరకు చెప్త. గీయన ముచ్చట చెప్పనీకి నాకు ధైర్యం లేదు."

వారం గడిచింది. ఆదివారం బస్సు పేట్ బషీరాబాద్‌లో ఆగింది. ఆమె నిలబడి ఉంది, పక్కన బలంగా ఉన్న ఒక నడివయసు మనిషి. మెడలో తువ్వాలు, చేతులకు పాల క్యాన్లు మోసిన కాయలు. తమ్ముడని చెప్పనక్కరలేదు, మొహం అదే.

మన రిటైర్డ్ కండక్టరు కిటికీలోంచి చూశాడు. చూడగానే లేచి, గబగబా వెళ్ళి, ఎవరూ కూర్చోని ఆ వెనక సీటులో కూర్చున్నాడు. కంగారులో కర్చీఫ్ తీసుకోవడం మరిచిపోయాడు.

అక్కా తమ్ముడూ వచ్చి ఆ రెండు సీట్లలోనే కూర్చున్నారు. తమ్ముడు కూర్చోబోతూ కర్చీఫ్ చూసి చేతిలోకి తీసుకున్నాడు. "ఎవలదో కర్చీఫ్" అని పైకెత్తి చూపించాడు. బస్సులో ఎవరూ పలకలేదు. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. అతను కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. డ్రైవర్ అద్దంలోంచి నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను.

కొంపల్లి దాటాక తమ్ముడు నన్ను పిలిచాడు. "సార్, ఇన్ని నెలల సంది మా అక్క చూస్తున్న ప్లాట్ ఏదో నాకు చూపెట్టుండ్రి. అక్క పని జేస్త అంటాంది. అసలు ముచ్చటేందో నా కండ్లతోటి చూద్దామని వచ్చిన."

ఈ మనిషి కాదంటే ఆమెకు బస్సే కాదు, ఆ ఇంట్లో ఇన్నాళ్ళ మర్యాద కూడా పోతుంది. దారంతా ఏం చెప్పాలా అని అల్లుకుంటూ కూర్చున్నాను.

సైటులో దిగాక ముగ్గురం తూర్పు మూలకు నడిచాం. కండక్టరును అటు రావద్దని సైగ చేద్దామని చూస్తే ఎక్కడా కనబడలేదు. తీరా చూస్తే ఆయన మాకంటే ముందే అక్కడున్నాడు. దాక్కోవాలనే అనుకున్నాడట పాపం, కాళ్ళు అలవాటుగా బోరు దగ్గరకూ అక్కడి నుంచి చెట్టు దగ్గరకూ తీసుకుపోయాయి. నీళ్ళ డబ్బాతో దొరికిపోయాడు. వెనక సీటు ఉక్కకు చొక్కా అంతా తడిసి ఉంది. మొహం మీద చెమట కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటున్నాడు.

తమ్ముడు వేపచెట్టును చూశాడు. చక్కగా కట్టిన పాదును చూశాడు. "ఈయన ఎవలు?" అని నన్ను అడిగాడు.

"ఈయన మా కంపెనీ..." అని నేను మొదలుపెట్టాను.

"ఉండు కొడుకా, అబద్దం వద్దు" అంది ఆమె. తమ్ముడి మొహంలోకి చూసింది. "బస్సుల నా పక్క సీటు, తమ్మీ."

డబ్బాలోంచి నీళ్ళు కారుతున్నా ఆయన కింద పెట్టలేదు. తమ్ముడు ఆయన మొహాన్ని, ఆ మోచేతిని చూశాడు. అతని చెయ్యి జేబు దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి, హద్దురాళ్ళ వెంట ఒక్కడే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర కూడా వేరుగా కూర్చున్నాడు. నేను విస్తరి పట్టుకుని పక్కన చేరాను.

"మా అక్క కూలికి పోయి నన్ను సాదింది" అన్నాడు, నేనేమీ అడగకుండానే. "ఇప్పుడు పని చేయాల్సిన అక్కర ఏమొచ్చింది సార్? నేను మంచిగ చూస్కుంటలేనా?"

"చూసుకుంటున్నారని ఆమే చెప్పింది. పని కోసం కాదు."

"మరి దేనికి?"

నాకు తెలిసిన పేర్లన్నీ నాలుక మీదికి వచ్చాయి. ఒక్కటీ పనికిరాలేదు. "ఆదివారం కోసం" అన్నాను.

అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. చెట్టు దగ్గర అక్క ఏదో చెబుతోంది, కండక్టరు తల ఊపుతున్నాడు. ఆమె నవ్వు మాకు వినబడింది. అతను అటు తిరిగి కూర్చున్నాడు. కూర చల్లారిపోయింది.

ఆ ప్లాట్ ఏమైందని మీలో వ్యాపారం తెలిసినవాళ్ళు అడుగుతారు కనుక ముందు అది చెప్పేస్తాను. ఆ రూట్లో బస్సు ఆగేలోపే ఒక టీచర్ల జంట కొనుక్కుంది. అమ్మింది ఆమే. మీ అత్తమ్మకు చూపెట్టినవా అని అడిగి, ఆ అత్తగారిని కూడా తర్వాతి వారం బస్సులో తీసుకొచ్చేలా చేసింది. వేపచెట్టు కొట్టకూడదని ఆ అత్తగారితోనే కొడుక్కి చెప్పించింది. రెండు వేల సంవత్సరం దాటాక కూడా మా శామీర్‌పేట బస్సు చాలాకాలం నడిచింది. అందులో ముందు వరస రెండు సీట్లు ఎవరివో అందరికీ తెలుసు. పటేలు ఎప్పుడూ కారణం అడగలేదు, అమ్మకాలు బాగున్నాయి.

ఇక ఆ సాయంత్రం సంగతి. తిరుగు ప్రయాణానికి అందరూ బస్సెక్కుతున్నారు. ఆమె వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కండక్టరు ఇంకా కిందే నిలబడి, అందరూ ఎక్కాక వెనక సీటులోకి పోదామని చూస్తున్నాడు. తమ్ముడు ఎక్కి అక్క దగ్గరకు వచ్చి ఆగాడు.

అతను జేబులోంచి కర్చీఫ్ తీశాడు. మడత విప్పి, ఒకసారి దులిపి, అక్క పక్క సీటు మీద పరిచాడు. ఆ తర్వాత నడుచుకుంటూ పోయి వెనక సీటులో కూర్చున్నాడు.

డ్రైవర్ అద్దంలోంచి చూసి, "అన్నా, ఆడ కూసోకు, మస్తు ఉక్కపోస్తది. గా కిటికీ తెరుసుకోదు" అన్నాడు.

"నాకు ఈడ మంచిగనే ఉన్నది" అన్నాడు తమ్ముడు. "కింద ఇంకొక మనిషున్నడు. ఆయన ఎక్కినంక పోనియ్యి."